ప్రకాశం మెట్టలో ఫ్లోరోసిస్: వెన్నుపాము వ్యాధి నిర్ధారణ, చికిత్సల చరిత్ర

1. ఉపోద్ఘాతం:
నాడీవ్యవస్థను దెబ్బతీసే కొన్ని వ్యాధులను గుర్తించాలంటే రోగి శరీరంతోపాటు అతని ఊరినీ పరిశీలించాలి. అమెరికాలోని లైమ్ ప్రాంతంలో పిల్లల కీళ్లవాపులను 1975లో వైద్యాధికారుల దృష్టికి తెచ్చినవారు తల్లులే. ఆ పరిశీలన నుంచే లైమ్ వ్యాధి వెలుగులోకి వచ్చింది. ప్రకాశం జిల్లా పశ్చిమ మెట్టకు ఇటువంటి చరిత్రే అంతకు నాలుగు దశాబ్దాల ముందు ఉంది.

2. నిర్ధారణ:
దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970 వరకు నెల్లూరు జిల్లాలోనివి. 1930ల మధ్యలో దర్శి ప్రాంతపు ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి సేద్యానికి పనికిరాకుండా పోవడం పరిశోధకుల దృష్టికి వచ్చింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ మనుషులలోని వ్యాధిని తాగునీటిలోని ఫ్లోరైడ్‌తో ముడిపెట్టి, నాడీ లక్షణాలను సైతం నమోదు చేశారు. 1940లో పండిట్ బృందం పోషకాహారం పాత్రను పరిశీలించింది.

ఈ వ్యాధిలో ఎముక దట్టమై, లిగమెంట్లు ఎముకగా మారి, వెన్నునాళం ఇరుకవుతుంది. లోపలి వెన్నుపాము, నాడీమూలాలు నలిగిపోతాయి. తిమ్మిరితో మొదలై కాళ్లు బిగుసుకుని చివరకు నడక ఆగిపోతుంది. వెన్నెముక క్షయ, మెడపూసల అరుగుదలలలో కూడా ఇవే లక్షణాలు కనిపించవచ్చు. కనుక ముంజేతి ఎముకల మధ్య పొర గట్టిపడినట్టు చూపే ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరిమాణం, తాగునీటి పరీక్ష నిర్ధారణకు కీలకమయ్యాయి. తరువాతి కాలంలో సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలు వెన్నుపాముపై ఒత్తిడి ఎక్కడుందో చూపగలిగాయి.

3. చికిత్స:
లైమ్ వ్యాధికి కారణం బాక్టీరియా. అది నాడీవ్యవస్థకు సోకినా యాంటీబయాటిక్స్‌తో చికిత్స సాధ్యం. ఫ్లోరోసిస్‌లో ఇరుకైన వెన్నునాళాన్ని తెరిచే మందు లేదు. శస్త్రచికిత్సతో ఒత్తిడి తగ్గించవచ్చు కాని, రాయిలా గట్టిపడిన ఎముకను తొలగించడం కష్టం. ఆలస్యమైతే పోయిన శక్తి పూర్తిగా తిరిగిరాదు. అందువల్ల అసలు చికిత్స నీటి మార్పే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్గొండ పద్ధతిని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. మరో వనరు లేనప్పుడు భారతీయ ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మి.గ్రా.

4. ముగింపు:
వ్యాధికారణం 1937 నాటికే అచ్చులోకి వచ్చింది. ఆ తరువాత నడక కోల్పోయి వైద్యుని చేరిన రోగుల విషయంలో లోపించింది జ్ఞానం కాదు, మంచినీరు. ఈ చరిత్రను వైద్యశాస్త్ర పురోగతిగా మాత్రమే రాస్తే సగమే రాసినట్టు. మిగిలిన సగం తాగునీటి సరఫరా చరిత్ర. ఏ ఊరు, ఏ బావి అన్న ప్రశ్న వైద్యునికి ఎంత అవసరమో చరిత్రకారునికీ అంతే అవసరం.