ముందు చక్రాల ఆర్మ్ ఎవరి కోసం పుట్టింది?

"అన్నా, ముందు లోయర్ ఆర్మ్‌లు మార్చి ఖరీదైనవి వేయిస్తే కారు మెత్తగా వెళ్తుందా?" అని చాలామంది అడుగుతున్నారు. జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఆ ఆర్మ్ అసలు కారులోకి ఎందుకొచ్చిందో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే అర్థమైపోతుంది. అందుకే ఇవాళ 1930ల అమెరికాకి వెళ్దాం.

అప్పట్లో చాలా కార్లకి, ఎడ్లబండికి ఉన్నట్టే, ముందు కూడా ఒకటే ఇరుసు. దాని మీద కమాన్ కట్టలు. ముందువి గట్టిగా, వెనకవి మెత్తగా ఉండేవి. వెనక సీట్లో వాళ్లు ఎగిరెగిరి పడేవాళ్లు. రోల్స్ రాయిస్‌లో పనిచేసి జనరల్ మోటార్స్‌కి వచ్చిన ఇంగ్లిష్ ఇంజినీరు మారిస్ ఓలీ దీని సంగతి తేల్చాలనుకున్నాడు. ఒక పెద్ద కారుకి బరువులు ముందుకీ వెనక్కీ జరుపుకునే ఏర్పాటు చేయించి, స్ప్రింగులు మారుస్తూ, మనుషుల్ని ఎక్కించి తిప్పి చూశారు. ముందే మెత్తగా ఉండాలని తేలింది! గతుకు ముందు చక్రానికి మొదట తగులుతుంది, వెనక చక్రానికి కాస్త ఆలస్యంగా. వెనక స్ప్రింగు కొంచెం వేగంగా ఊగితే ఆ ఆలస్యాన్ని అందుకుంటుంది. అప్పుడు కారు ఉయ్యాలబల్లలా ఊగకుండా మొత్తం ఒకేసారి లేచి దిగుతుంది.

చిక్కు ఇక్కడే. ముందు కట్టలు మెత్తబడితే ఇరుసుని గట్టిగా పట్టుకోలేవు. ఒక చక్రం గుంతలో పడితే ఇరుసంతా వాలుతుంది, తిరుగుతున్న చక్రాలు బొంగరంలా పక్కకి లాగుతాయి, స్టీరింగ్ చేతుల్లో వణికిపోతుంది. నా పాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఒక బగ్ తీస్తే దాని వెనక ఇంకోటి బయటపడేది, అలాగన్నమాట. దాంతో పనులు విడగొట్టారు. బరువు మోయడం స్ప్రింగు పని, చక్రాన్ని పట్టుకోవడం ఆర్మ్‌ల పని. 1933లోనే మెర్సిడెస్ 380కి ముందు రెండేసి ఆర్మ్‌లు, కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. 1934 మోడళ్లలో కాడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్‌లకీ వచ్చేశాయి. తర్వాత పై ఆర్మ్ పొట్టిగా, కింది ఆర్మ్ పొడుగ్గా పెట్టడం మామూలైంది. చక్రం పైకీ కిందికీ కదిలినా టైరు అడుగుభాగం పక్కకి పెద్దగా జరగకూడదని.

అంటే ఆర్మ్ వచ్చింది రేసుల కోసం కాదు, వెనక సీట్లో వాళ్ల నడుం కోసం.

తర్వాత ఎర్ల్ మెక్‌ఫెర్సన్ వచ్చాడు. జనరల్ మోటార్స్‌లో ఆయన చేస్తున్న చిన్న కారు ప్రాజెక్టు 1947లో ఆగిపోతే ఫోర్డ్‌కి మారాడు. పై ఆర్మ్ తీసేసి ఆ పని షాకబ్జర్ స్ట్రట్‌కే అప్పగించాడు. కింద ఒక్క లింకు. దాన్ని ముందుకీ వెనక్కీ కదలకుండా యాంటీ రోల్ బారే పట్టుకుంటుంది. 1950లో బ్రిటన్ ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్‌లలో ఇది వచ్చింది. మన దగ్గర అంబాసిడర్‌కి ముందు టార్షన్ బార్లు ఉండేవి. 1983లో వచ్చిన మారుతి 800కి మెక్‌ఫెర్సన్ స్ట్రట్టే.

ఇప్పటి చాలా కార్లలో కింది ఆర్మ్ ఎల్ ఆకారంలో ఉంటుంది, రెండు రబ్బరు బుష్‌లతో. సాధారణంగా ముందు బుష్ గట్టిది, వెనకది మెత్తది. కంపెనీ పిసినారితనం కాదండీ. రేడియల్ టైర్లు వచ్చాక చిన్న గతుకు దెబ్బ కూడా బాడీలోకి గట్టిగా కొట్టడం మొదలైంది. చక్రం ఒక్క పిసరు వెనక్కి జరిగి ఆ దెబ్బ మింగాలని దాన్ని అలా పెట్టారు.

పాలీయురేథేన్ బుష్‌లున్న ఆర్మ్ వేస్తే సరిగ్గా ఆ పిసరే పోతుంది. స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది, బ్రేకు కొట్టినా కారు నిలకడగా ఆగుతుంది, నిజమే. కానీ ఫ్లైఓవర్ జాయింట్లన్నీ మీ సీటు లెక్కపెడుతుంది. అల్యూమినియం ఆర్మ్‌తో చక్రం దగ్గర కొంచెం బరువు తగ్గుతుంది కానీ మన రోడ్ల మీద ఆ తేడా పట్టుకోవడం కష్టం. "మార్చాక కారు కొత్తదైపోయింది" అనేవాళ్లలో చాలామందికి సుఖం ఇచ్చింది కొత్త డిజైన్ కాదు, చిరిగిపోయిన పాత బుష్ పోవడం. ఒరిజినల్ రబ్బరుదే కొత్తది వేసినా అదే సుఖం, చాలా తక్కువ ఖర్చులో.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. షెడ్డులో కారు లేపించి బాల్ జాయింట్‌లో ఆట ఉందేమో చూపించండి. అది ఊడితే చక్రం బయటికి ఒరిగిపోతుంది, స్టీరింగ్ తిప్పినా కారు మాట వినదు. ఆర్మ్ మార్చాక అలైన్‌మెంట్ కూడా చేయించండి. వెనక ఇరుసు కథ ఇంకా పెద్దది, వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.