డోలు దెబ్బకు తీర్పరి ఎవరు?

జాతరలో డోళ్ళ మోత ఆగిన తరువాత మరొక మోత మొదలవుతుంది. అది జనం నోటి మోత. ఏ జట్టు బాగా కొట్టింది, ఏ జట్టు తాళం తప్పింది, ఎవరి గజ్జె ఘల్లుమన్నది, ఎవరు ఊరికే గంతులు వేసినారు అని వాదించుకొంటూ జనం ఇంటిదారి పడతారు. మన చరిత్రకారులు కళాకారుల పేర్లు, వారిని పోషించిన ప్రభువుల పేర్లు భద్రపరచినారు గాని, ఈ దారి పొడుగునా సాగే విమర్శను పట్టించుకొన్నది తక్కువ. ఓరుగల్లు ఆ విషయంలో అదృష్టవంతురాలు. ఇక్కడి చూపరుల మాటకు అయిదారు వందల యేండ్లకు పైబడిన సాహిత్యసాక్ష్యం ఉన్నది. ఆ సాక్ష్యాన్ని మిత్రుల ముందుంచి, నేటి ఒగ్గుడోలుకు సంబంధించి నా మనసులోని ఒక మాట చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మొదట శాస్త్రం ఏమన్నదో చూద్దాము. భరతముని నాట్యశాస్త్రం ఇరువది యేడవ అధ్యాయంలో ప్రయోగసిద్ధిని విచారించినాడు. చిరునవ్వు, పెద్దనవ్వు, మెప్పుమాట, ఆశ్చర్యం, పెల్లుబికే కేక - ఇవన్నీ ఆయన దృష్టిలో మానుషసిద్ధికి గుర్తులు. అనగా చూపరి నోటినుండి వెలువడే ధ్వని కూడ ప్రదర్శనలో భాగమే, దాని ఫలితానికి కొలతే. నటబృందాల నడుమ ధనం కోసమో, పతాక కోసమో పోటీ ఏర్పడినప్పుడు తీర్పు చెప్పవలసినవారిని ‘ప్రాశ్నికులు’ అన్నాడు. వారిలో యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, శబ్దశాస్త్రం తెలిసినవాడు, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు ఉన్నారు. ఎవరికి తెలిసినది వారే చూడవలె. అంగసౌష్ఠవం విలుకాడు చూస్తాడు, ఆహార్యం చిత్రకారుడు చూస్తాడు. దోషాలను, సిద్ధులను లెక్క వ్రాసుకొనే పద్ధతి కూడ అక్కడే ఉన్నది. మన పెద్దలకు మార్కుల కాగితం తెలియదని అనుకొనేవారు ఒకసారి ఆ అధ్యాయం తిరగవేయవలె.

అమెరికాలో ఉంటున్న మిత్రులు ‘డ్రమ్ కోర్’ పోటీలు చూచియుండవచ్చు. ఇత్తడి వాద్యాలు, డప్పులు, జెండాలు పట్టి యువతీయువకులు మైదానంలో బారులు తీరి, వాయిస్తూనే ఆకృతులు కట్టి విప్పే ప్రదర్శనలవి. 1971లో ఏర్పడిన ‘డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్’ అనే సంస్థ 1972 నుండి వీనికి విజేతలను నిర్ణయిస్తున్నది. తొలినాళ్ళలో న్యాయనిర్ణేతలు పొరపాటు కనబడినప్పుడల్లా మార్కు కోసేవారు. 1984 నుండి ఆ కోతపద్ధతి మాని, గుణాన్ని బట్టి మార్కులు కూర్చే పద్ధతి వచ్చింది. ఇప్పుడు నూటికి నలుబది మార్కులు ప్రదర్శన మొత్తం కలిగించే ప్రభావానికి, ముప్పది దృశ్యానికి, ముప్పది సంగీతానికి. దోషాలు, సిద్ధులు అని భరతుడు రెండు లెక్కలు చెప్పినాడు గదా! వారు మొదట ఒక లెక్కనే పట్టుకొని, తరువాత రెండవదానికి వచ్చినారన్నమాట. 2004లో మైకులను అనుమతించినప్పుడు, 2009లో విద్యుద్వాద్యాలు ప్రవేశించినప్పుడు అక్కడి అభిమానులు రెండుగా చీలిపోయినారు. వాద్యం కంటె అలంకారం ఎక్కువైపోయిందని పాతవారి మాట. కళ నిలిచిన చోట నిలిచిపోరాదని కొత్తవారి మాట. ఈ వాదం వింటే నాకు పరాయిదని తోచదు. మన ఐనవోలు దారిలో వినబడే మాటే అది.

ఇక ఓరుగల్లు వీథులకు వద్దాము. ‘క్రీడాభిరామము’ను వినుకొండ వల్లభరాయడు వ్రాసినాడా, శ్రీనాథుడు వ్రాసినాడా అన్న వివాదం పండితులకు వదలుదాము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామము’ దానికి మూలమని గ్రంథమే చెప్పుకొన్నది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల నాటి ఓరుగల్లులో ఒక రోజంతా తిరుగుతారు. వారు చేసే పని ఏమి? చూడడం, అభిప్రాయం చెప్పడం! కోడిపందెం చూస్తారు, పొట్టేళ్ళ పోరు చూస్తారు, పాటకత్తెలను చూస్తారు, ప్రతిదానిమీదా ఒక మాట విసురుతారు. తెలుగులో కళాభిమానుల గోష్ఠి కావ్యరూపం ధరించడం ఇందులో కనబడినంత స్పష్టంగా మరెక్కడా నాకు కనబడలేదు.

అందులో పల్నాటివీరుల కథ పాడే స్త్రీని వర్ణించిన పద్యం ఒకటి ప్రసిద్ధం. ఆమె ద్విపదలో కథ పాడుతున్నది, ద్రుతతాళంలో వాద్యం మ్రోగిస్తున్నది. కవి పద్యం నడకలోనే ఆ దరువును పలికించినాడు. పాఠశాలలో ఆ పద్యాన్ని పైకి చదివినప్పుడు పిల్లలు తెలియకుండానే బల్లమీద వ్రేళ్ళు ఆడించేవారు. ఆ పద్యంలో నన్ను పట్టి నిలిపేది దరువు కంటె చివరి మాట. ఆమె పలికే అక్షరం అక్షరానికి అక్కడి కుర్రవాళ్ళు ఈలలతో కేకలతో ఊగిపోతున్నారట. గమనించండి, కవి వారిని అల్లరిమూకగా చిత్రించలేదు. వారి కేకను గానప్రభావానికి ప్రమాణంగా నిలిపినాడు. భరతుడు చెప్పిన మానుషసిద్ధి ఓరుగల్లు వీథిలో కన్నుల ముందుకు వచ్చిన ఘట్టం అది.

ఆ కావ్యంలోనే మైలారుదేవుని సన్నిధి ఉన్నది. నిప్పులగుండాలు త్రొక్కే వీరభటులు, వెనుకకు విల్లులా వంగి విన్యాసం చూపే గొరగపడుచు అక్కడ దర్శనమిస్తారు. మైలారుదేవుడే మన మల్లన్న. ఈ సంగతి గుర్తుంచుకోండి, కొంచెం ఆగి దీనితో పని పడుతుంది.

వీథిలో ఇట్లా ఉండగా, రాజాస్థానంలో మరొక తీర్పరి ఉన్నాడు. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 1253-54 ప్రాంతంలో ‘నృత్తరత్నావళి’ని సంస్కృతంలో రచించినాడు. ఎనిమిది అధ్యాయాలలో నాలుగింటిని మార్గానికి, నాలుగింటిని దేశికి ఇచ్చినాడు. ఒక సేనాపతి జనంలో ఆడే పేరణి, రాసకం, చర్చరి, కోలాటం వంటివాటికి లక్షణం చెప్పడం సామాన్యవిషయం కాదు. ప్రదర్శనకు తగిన వేళ, సభాపతి, ఆసీనులయ్యే తీరు - ఇవి కూడ శాస్త్రంలో భాగమే అయినవి. చూపరి లేని నృత్తం ఆయనకు లేదు.

పేరణికి శాస్త్రకారులు అయిదంగాలు చెప్పినారు. కాలిగజ్జెలను అదుపులో పెట్టి పలికించడం ఘర్ఘరం. కష్టమైన ఎగురుళ్ళు విషమం. వికృతరూపాలను అనుకరించి నవ్వించడం భావాశ్రయం. వీరుని పొగడడం కైవారం. అయిదవది గీతం. అనగా ఒకే ప్రదర్శనలో లయ, సాహసం, హాస్యం, స్తుతి, పాట! కాలక్రమంలో పేరణి ఆట నిలిచిపోయి గ్రంథంలోను, శిల్పంలోను మాత్రమే మిగిలింది. నటరాజ రామకృష్ణగారు (1923-2011) జాయపుని గ్రంథాన్ని, 1213 నాటి రామప్పగుడి శిల్పాలను ఆధారం చేసుకొని దానికి మరల ప్రాణం పోసినారు. 1985 మహాశివరాత్రి నాడు రామప్ప సన్నిధిలో జరిగిన పేరిణి ప్రదర్శనను ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకొంటారు. నేటి పేరిణిలో వీరరసం నిండుగా ఉన్నది, నవ్వు కనబడదు. కాబట్టి ఇది పునరుద్ధరణమా, కొత్త కల్పనయా అని అడిగేవారున్నారు. నా అభిప్రాయంలో రెండూ. తెగిపోయిన దారాన్ని ముడి వేసినప్పుడు ముడి కనబడకుండా ఉండదు. ముడి వేసినవాని ఋణం మాత్రం తీరేది కాదు.

పేరిణి విషయంలో దారం తెగింది. ఒగ్గుడోలు విషయంలో ఇంకా తెగలేదు. నా ఆందోళన అంతా ఇక్కడనే.

ఒగ్గుకథ అంటే మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను రాత్రంతా చెప్పే కళ. కథకుడు ముందు, వంతపాడేవాడు ప్రక్కన, డోలు, తాళం వెనుక. డోలు అక్కడ కథకు తోడు. మల్లన్న పెండ్లి వచ్చినప్పుడు ఒక దరువు, యుద్ధం వచ్చినప్పుడు మరొక దరువు, దుఃఖఘట్టంలో ఇంకొకటి. అప్పటి వరంగల్లు జిల్లా, నేటి జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్యగారు (2017లో కీర్తిశేషులు) ఈ కళను ఊరి గడప దాటించి దేశమంతటా వినిపించినారు. 2004లో కేంద్ర సంగీత నాటక అకాడమి పురస్కారం ఆయనను వరించింది.

ఆ కథనుండి డోలు విడివడి స్వతంత్రవిన్యాసమైంది. పదులకొద్దీ యువకులు డోళ్ళు మెడలో వేసుకొని, గజ్జెలు కట్టి, వరుసలు తీర్చి విప్పుతారు. ఒకరి భుజాలపై ఒకరు నిలిచి గోపురం కట్టి, అంత ఎత్తున కూడ దరువు తప్పకుండా కొడతారు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ప్రభుత్వోత్సవాలలో, బోనాల ఊరేగింపులలో ఈ విన్యాసానికి పెద్దపీట దక్కింది. చూచినవారు ముక్కున వేలు వేసుకొంటారు. పాతతరం ఒగ్గుకథా ప్రియులు మాత్రం పెదవి విరుస్తారు. కథ ఎక్కడ, ఇది కసరత్తు గదా అంటారు.

ఇందాక గుర్తుంచుకొమ్మన్న గొరగపడుచు ఇప్పుడు సాక్ష్యానికి వస్తుంది. మల్లన్న ముందు ఒళ్ళు విల్లుగా వంచే విన్యాసం క్రీడాభిరామం నాటికే ఉన్నది. పేరణిలో విషమం ఒక అంగమే. కనుక గోపురం కట్టడం తప్పు అనే మాటకు చరిత్రలో ఆధారం లేదు. సాహసం మన కళకు పుట్టుమచ్చ. తప్పు ఎక్కడున్నదంటే, అయిదంగాలలో ఒకటే మిగలడంలో ఉన్నది. వేదిక మీద దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాలలో చప్పట్లు తెచ్చేది గోపురం. అందుచేత అభ్యాసమంతా గోపురం చుట్టూ తిరుగుతుంది. పెండ్లి దరువుకు, దుఃఖపు దరువుకు భేదం ఎరుగకుండానే ఒక కుర్రవాడు మంచి డోలువాడుగా పేరు తెచ్చుకోగలడు.

దీనికి ఆ కుర్రవాణ్ణి నిందించి ప్రయోజనం లేదు. తీర్పరులు మారినారు. ఐనవోలులోనో, కొమురవెల్లిలోనో పెద్దపట్నం చుట్టూ కూర్చున్న జనానికి మల్లన్న కథ కంఠస్థం. దరువు మారగానే ఏ ఘట్టం వచ్చిందో వారికి తెలుస్తుంది, తప్పితే మొగం మీదనే అంటారు. ఆ భయం ఉన్నంతకాలం డోలు కథను విడువలేదు. సభలో ముందువరుసలో కూర్చున్న అతిథికి ఆ కథ తెలియదు. తెలియనివాని చప్పట్లు ఎత్తును మాత్రమే కొలుస్తవి. నేను జిల్లాస్థాయి విద్యార్థిపోటీలలో తీర్పరిగా కూర్చున్న రోజులలో నా చేతికిచ్చిన కాగితంలో వేషానికి, ఉత్సాహానికి, సమన్వయానికి గడులు ఉండేవి. దరువు ఏమి చెబుతున్నదో వ్రాయడానికి గడి లేదు. కాగితంలో లేని గుణాన్ని పిల్లవాడు ఎందుకు సాధన చేస్తాడు?

కాబట్టి నా మనవి రెండు మాటలు. డోలుపోటీలు పెట్టేవారు ప్రాశ్నికులలో ఒక ఒగ్గుకథకుని కూర్చోబెట్టవలె. భరతుడు చెప్పినట్లు ఎవరికి తెలిసినది వారు చూడవలె. రెండవ మనవి మనవంటి వ్రాతగాళ్ళకు. కళాకారుల జీవితచరిత్రలు వ్రాస్తున్నాము, మంచిదే. జాతరలో ముందు కూర్చుని ‘ఇది పెండ్లి దరువు కాదయ్యా’ అని కసిరే ముసలివాని మాటను ఎవరు వ్రాసిపెడుతున్నారు? ఆయన చెవిలో ఉన్నది కూడ ఒక గ్రంథమే. దానికి ప్రతి లేదు.

మీ ఊళ్ళో అటువంటివారు ఉంటే, రాబోయే సంక్రాంతి జాతరలో వారి ప్రక్కన కూర్చోండి. డోలు ఆగిన తరువాత వారు ఏమన్నారో, ఎందుకన్నారో వ్రాయండి. నేను ఐనవోలు సంగతి వ్రాస్తాను.