గెలుపు ముందే తెలిసిన పోరు

వీడియో గేముల్లో ఒక రకం పోరంటే ఆటగాళ్లకు చిరాకు. శత్రువు కొండంత ఉంటాడు, వాడు పడేదీ మనం ఓడేదీ ఆట రాసినవాళ్లు ముందే ఖాయం చేసి ఉంటారు. 1988లో జపాన్‌లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 2 మొదలవగానే నల్ల కవచాల యోధుల చేతిలో ఆటగాడి జట్టు ఓడి తీరాలి. ఫలితం తేలిపోయాక పోరాడటం దేనికన్నది ఆటగాళ్ల ప్రశ్న. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట ఉన్న తిరుపతి జిల్లాలోనూ, పక్కనున్న చిత్తూరు జిల్లాలోనూ ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే మహాభారత ఉత్సవాలు ఈ ప్రశ్నకు ఏనాడో జవాబు చెప్పాయని నా నమ్మకం.

చాలా ఊళ్లలో ఈ ఉత్సవం పద్దెనిమిది రోజులు, కొన్నిచోట్ల అంతకు మించీ సాగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. బకాసుర వధ నాడు భీముడు బండెక్కి ఊరు తిరుగుతాడు. అర్జునుడి వేషం కట్టినవాడు పద్యాలు పాడుకుంటూ తపసు మాను అనే ఎత్తైన కంబం ఎక్కుతాడు. చివరి రోజు పొద్దున, పోరు ఆడే భారతం మిట్ట మీద మట్టితో మలిచి రంగులు పూసిన దుర్యోధనుడు వెల్లకిలా పడి ఉంటాడు, మనిషికి ఎన్నో రెట్లు పెద్దగా. దుర్యోధన వేషధారి ఆ ఒంటి మీదికెక్కి సవాలు విసురుతాడు, భీముడు గదతో వెంటపడతాడు. తొడ మీద దెబ్బ పడుతుంది, నెత్తురులా ఎర్రనీళ్లు వస్తాయి, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్లు అగ్నిగుండం తొక్కుతారు.

ఈ ఆచారం వెనక చాలా పాత పొరలున్నాయి. కంచి దగ్గరి కూరం గుడి మండపంలో భారతం చదవడానికి ఏర్పాటు చేసినట్టు 7వ శతాబ్దపు పల్లవ రాజు మొదటి పరమేశ్వరవర్మ రాగి శాసనం చెబుతుంది. నన్నయ తెలుగు భారతం మొదలుపెట్టడానికి మూడు వందల ఏళ్లకు పైగా ముందరి మాట అది. ద్రౌపది కొలుపుకు తమిళనాడులోని సెంజి ప్రాంతం మూలకేంద్రమని ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లో అచ్చయిన పరిశోధనలో వాదించాడు. నెత్తుటి చేతులతో జడ ముడిచే ఘట్టం వ్యాస భారతంలో లేదు. అది భట్టనారాయణుడి వేణీసంహార నాటకంలో ఉంది. అంటే మిట్ట మీద ఆడేది ఏ ఒక్క గ్రంథమో కాదు, జనం ఏరుకుని నిలుపుకున్న కథ. వాళ్లు ఏరుకున్న తీరే నా వాదానికి సాక్ష్యం. మూలంలోనే దుర్యోధనుడు గదాయుద్ధంలో భీముణ్ణి మించినవాడు. ఇనప భీముణ్ణి చేయించుకుని పదమూడేళ్లు సాధన చేసినవాడు. ధర్మంగా పోరితే భీముడు గెలవలేడని కృష్ణుడే అంటాడు, అప్పుడే అర్జునుడు తన తొడ చరిచి సైగ చేస్తాడు. భీముడు ఎలాగూ గెలుస్తాడు కదా అని పల్లెవాళ్లు దుర్యోధనుణ్ణి చిన్నవాణ్ణి చేయలేదు. ఊరి మన్నంతా పోసి పెద్దవాణ్ణి చేశారు. ఫలితం ఖాయమైనకొద్దీ శత్రువును ఇంకా గట్టివాడిగా నిలబెట్టాలన్నది వాళ్లకు తెలుసు.

గేములో మీటలు ఆటగాడి చేతిలో ఉంటాయి, ఇక్కడ జనం చూస్తారంతే కదా అనవచ్చు. మన్ను తెచ్చినవాళ్లూ, ఉపవాసం ఉన్నవాళ్లూ, సాయంత్రం నిప్పుల మీద నడవబోయేవాళ్లూ వట్టి ప్రేక్షకులు కారు. గేములో ఓడితే మళ్లీ మొదలుపెట్టవచ్చు, నిప్పుల్లో పెట్టిన అడుగుకు ఆ వీలు లేదు. ఫలితం తెలియకపోవడమే ఉత్కంఠకు ప్రాణమనే వాదం ఇంతకంటే బలమైనది. శ్రీహరికోటలో అది నిజమే. అక్కడ రాకెట్ కౌంట్‌డౌన్‌లో ప్రతి అడుగూ ముందే రాసి ఉంటుంది, ఫలితం మాత్రం ఉండదు. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వి-3 రాకెట్ సముద్రంలో పడింది, 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. భారతం మిట్ట మీద లెక్క తిరగబడుతుంది. ఫలితం ఖాయం, అక్కడిదాకా వెళ్లే దారి ఖాయం కాదు. ఆ పొద్దున దుర్యోధనుడు ఎంతసేపు చిక్కకుండా తిరుగుతాడో, ఏ మాటతో భీముణ్ణి రెచ్చగొడతాడో, తొడ మీద కొట్టడం అధర్మమని ఎంత గట్టిగా నిలదీస్తాడో ఆ వేషధారి గొంతును బట్టి ఉంటుంది. గేముల్లో రాసిపెట్టిన పోరు తేలిపోతున్నదంటే తప్పు రాసిపెట్టడంలో లేదు. ఓడబోయేవాడికి నోరు ఇవ్వకపోవడంలో ఉంది.