ఉపకారవేతనం, పత్రికాలయం గుమ్మం

మారతహళ్ళిలో ఉంటూ పత్రికారచన నేర్వగోరే తెలుగు విద్యార్థులకు ఒక పాత సంగతి గుర్తుచేస్తున్నాం. ఢిల్లీలో దళిత విలేకరి కోసం వెదికితే ఒక్కరూ దొరకలేదని బి.ఎన్. ఉనియాల్ 1996 నవంబరులో 'పయొనీర్' పత్రికలో రాశారు. అప్పటికి షెడ్యూల్డు కులాల ఉపకారవేతనాలు మొదలై (1944) యాభై ఏళ్ళు దాటింది; ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచీ ఉంది. అంటే కళాశాల దాకా తోడువచ్చిన వేతనం పత్రికాలయం గుమ్మం దాటించలేకపోయిందన్నమాట.

1994లో బెంగుళూరులో వెలసిన ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం 2000లో చెన్నైకి తరలింది. తరువాత దళిత, ఆదివాసీ విద్యార్థులకు ప్రత్యేక వేతనాలు ఏర్పరచింది. మంచి మార్గమే. అయితే అక్కడి బోధన ఇంగ్లీషులో. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఫీజుతోపాటు బస ఖర్చూ, భాష పట్టుబడే వ్యవధీ కావాలి. వాటిని కూడా లెక్కలో చేర్చినప్పుడే అది నిజమైన ఉపకారమని మా అభిప్రాయం.