డాల్ఫిన్స్ నోస్: మూడు యుద్ధాల సాక్షి

విశాఖపట్టణం రేవుకు దక్షిణాన సముద్రంలోకి ముక్కులా చొచ్చుకొని వచ్చిన కొండకొమ్మే డాల్ఫిన్స్ నోస్. యారాడ కొండల శ్రేణికి ఇది తూర్పు కొస. బ్రిటిష్ పాలనలో సైనిక స్థావరంగా ఉపయోగపడిన ఈ కొండ ముంగిట మూడు యుద్ధాలు మూడు భిన్న రూపాలలో సాక్షాత్కరించాయి.

మొదటిది సముద్రతలంపై జరిగింది. నాటికి ఇక్కడ రేవు లేదు. ఓడలు బాహ్య సముద్రంలోనే లంగరు వేసుకొనేవి. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి సేనాని లినోయి మూడు యుద్ధనౌకలతో వచ్చి, బ్రిటిష్ నౌక సెంచూరియన్‌పైనా, దాని రక్షణలోని రెండు వర్తక నౌకలపైనా దాడి చేశాడు. తీరంలోని కొద్దిపాటి ఫిరంగుల అండ పరిమితమే. సెంచూరియన్ దెబ్బతిన్నా లొంగలేదు. వర్తక నౌకలలో ఒకటి తీరానికి కొట్టుకొనిపోయి ధ్వంసమైంది. రెండవది శత్రువుల వశమైంది.

1933లో రేవు ప్రారంభమైంది. ప్రవేశమార్గానికి అలల తాకిడి తగలకుండా, జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను ఈ కొండ పాదం చెంత ముంచి అడ్డుకట్టగా మలచారు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి ద్వారమైన ఈ రేవు సంపదనే గాక శత్రువుల దృష్టిని కూడా ఆకర్షించింది.

రెండవ యుద్ధం ఆకాశమార్గాన వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి బయలుదేరిన విమానాలు విశాఖపైనా, కాకినాడపైనా బాంబులు వేశాయి. సముద్రం వైపు చూచే కొండ ఆకాశం నుంచి వచ్చే విపత్తును ఆపలేకపోయింది. ప్రాణనష్టం జరిగింది. భయభ్రాంతులైన ప్రజలు వేల సంఖ్యలో ఊరు విడిచి గ్రామాలకు తరలిపోయారు. అదే నెలలో మద్రాసు ప్రభుత్వం సైతం తన కార్యాలయాలను లోపలి పట్టణాలకు తరలించింది. తమను పాలించే సామ్రాజ్యం తమను రక్షించగలదన్న నమ్మకం జనులలో సడలింది.

మూడవది సముద్రగర్భంలో దాగి వచ్చింది. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3–4 తేదీల నడిరాత్రి రేవు సమీపాన తొంభైమందికి పైగా నావికులతో మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ ప్రయోగించిన పేలుడు గుండ్లే కారణమని భారత నౌకాదళం ప్రకటించగా, అంతర్గత విస్ఫోటనమని పాకిస్తాన్ వాదించింది. విక్రాంత్ అప్పటికే అండమాను జలాలకు తరలిపోయి ఉంది.

ఒక్కొక్క తరం గత యుద్ధానికి తగిన రక్షణను కట్టుకొన్నది. శత్రువు మాత్రం ప్రతిసారీ కొత్త దారిన వచ్చాడు. కోటల చరిత్ర నేర్పే పాఠమిదే. 1957 నుంచి ఈ కొండపై వెలుగుతున్న దీపస్తంభం మాత్రం రాత్రివేళ ఇంటిదారి పట్టిన జాలరికీ, దూరదేశపు నావికునికీ ఒకే తీరున తీరం చూపుతున్నది.