పరుగు, కండబలము – జోడెడ్ల బండి

మా చిన్నతనమున పెద్దల నోట తరచుగా వినబడిన పేరు కోడి రామమూర్తిగారిది. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామము నేర్పి, సర్కసు డేరాలో ఏనుగును గుండెపై నిలిపిన ఆ కలియుగ భీముడు, 1942లో మన ఒడిశాలోని బలాంగీరులోనే కన్నుమూసెను. ఆనాటివారికి దేహదారుఢ్యమనిన దండీలు, బస్కీలు, గదలు త్రిప్పుట. పరుగు మాత్రము పిల్లల ఆటకో, కదలిపోవు రైలు నందుకొనుటకో అని తలచెడివారు.

ఈనాడు ఆ తీరు తారుమారైనది. తెల్లవారుజామున మా కాలనీ రోడ్డుపై బూట్లు తొడిగి పరుగెత్తువారు కనబడుచున్నారు. దండీలు తీయువారు అరుదైనారు. రెండింటిలో ఏది మేలను వాదము మా ఆఫీసులో టీ వేళ తరచుగా వచ్చును. చరిత్రను పరికించినచో, ఈ రెండును వేర్వేరు దారుల నడచి చివరకు ఒకచోట కలసినవని తెలియును. ఆ కథను సోదరులకు చెప్పుటయే మా ఉద్దేశము.

1953లో జెర్రీ మారిస్ అను వైద్యుడును ఆయన సహచరులును, లండన్ బస్సు ఉద్యోగులను గూర్చి ఒక పరిశీలన ప్రకటించిరి. అచ్చటి బస్సులు రెండంతస్తులవి. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టికెట్ల కొఱకు మెట్లెక్కి దిగుచుండును. గుండెజబ్బు డ్రైవర్లకే హెచ్చుగా వచ్చుచున్నదని తేలెను. ఐతే మారిస్ తొందరపడి తీర్పు చెప్పలేదు. 1956లో ఉద్యోగుల యూనిఫారముల కొలతలు పరిశీలించి, డ్రైవర్ల నడుము మొదటినుండియే లావని ఆయన బృందమే బయటపెట్టెను. కనుక దోషమంతయు కుర్చీదేయనుటకు వీలులేదు. ఐనను కుర్చీ నిర్దోషి కాదని తరువాతి పరిశీలనలు చెప్పినవి.

వానిలో ఒకటి మన రైల్వేవారికి సంబంధించినదే. 1962లో హెన్రీ టేలర్ బృందము అమెరికా రైల్వే ఉద్యోగుల మరణములను లెక్కించెను. గుమాస్తాలు, యార్డులో బండ్లు మార్చువారు, పట్టాల పని చేయు గ్యాంగువారు అని మూడు తరగతులు. గుండె రక్తనాళముల జబ్బుతో సంవత్సరమునకు వేయింట మరణించినవారు గుమాస్తాలలో 5.7, యార్డువారిలో 3.9, గ్యాంగువారిలో 2.8.

ఈ అంకెలు చదివినప్పుడు మా గుండె ఝల్లుమన్నది. తాత గ్యాంగుమన్, మనుమడు గుమాస్తా – మా కాలనీలో అనేక కుటుంబముల కథ ఇది. మా కథయు నిదియే. ఎండలో సుత్తి పట్టిన తాత, తన మనుమడు నీడను కూర్చుండి కలము పట్టవలెనని కోరెను. ఆ కోరిక తీరినది. గ్యాంగుపని సుఖమని మేము చెప్పము. దానిలోని కష్టము, ప్రమాదము మా ఇంట ఎఱిగినవే. కాని తాతకు పనిలోనే దొరకిన వ్యాయామము మాకు లేకపోయినది. దానిని మేము వేరుగా సంపాదించుకొనవలసియున్నది.

ఎట్లు సంపాదించుట? దీనికి మొదటి జవాబు న్యూజీలాండ్ నుండి వచ్చెను. ఆర్థర్ లిడియార్డ్ చెప్పుల కర్మాగారమున పనిచేసిన పరుగు గురువు. 1960 రోము ఒలింపిక్సులో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లు, మరే హాల్‌బెర్గ్ 5000 మీటర్లు ఒకే దినమున గెలిచిరి. ఐనను ఆయన చేసిన గొప్పమేలు సామాన్యులకు. 1962లో ఆక్లండ్ నగరమున నడివయసువారు ఆయన ప్రోత్సాహమున మెల్లగా పరుగెత్తుటకు ఒక సంఘముగా చేరిరి. రొప్పక, ప్రక్కవానితో మాటలాడుచు పరుగెత్తవలెనన్నదే వారి పద్ధతి. అది చూడవచ్చిన అమెరికా కోచ్ బిల్ బవర్‌మన్, తనకన్న వయసు మీరినవారితో సమముగా పరుగెత్తలేక వెనుకబడెను. స్వదేశమునకు తిరిగివెళ్లి అదే పద్ధతిని తన ఊరివారికి నేర్పెను. 1968లో కెన్నెత్ కూపర్ వ్రాసిన ‘ఏరోబిక్స్’ పుస్తకముతో పరుగు మఱింత వ్యాపించెను.

పరుగు పేరు పెరిగినకొలది బరువుల పేరు తగ్గెను. 1978లో అమెరికా క్రీడావైద్య సంస్థ ఇచ్చిన సలహాపత్రము గుండెకు, ఊపిరికి మేలుచేయు వ్యాయామమునే ముఖ్యముగా చెప్పెను. నిజమునకు బరువుల విలువ అంతకుముందే తెలిసియుండెను. యుద్ధమున గాయపడిన సైనికులచేత క్రమముగా బరువు పెంచుచు ఎత్తించి, నీరసించిన తొడకండలను బాగుచేసిన థామస్ డిలోర్మ్ అను వైద్యుడు 1945లోనే ఆ సంగతి ప్రకటించెను. 1990లో ఆ సంస్థ తన సలహాను సవరించి కండల వ్యాయామమును చేర్చెను. అదే సంవత్సరమున మరియా ఫియాటరోన్ బృందము, సుమారు 90 ఏండ్ల వృద్ధాశ్రమవాసులచేత 8 వారములు కాళ్లతో బరువు లెత్తించగా, వారి తొడబలము సగటున 174 శాతము పెరిగెను. తొంబదియవ ఏట గూడ కండ మాట వినునన్నమాట.

రెండును కలిపినచో ఒకటి రెండవదానిని చెఱచునాయని కొందఱడుగుదురు. 1980లో రాబర్ట్ హిక్సన్ దీనిని పరీక్షించెను. వారమునకు 5 దినములు బరువులు, 6 దినములు కఠినమైన పరుగు, సైకిలు కలిపి 10 వారములు చేసినవారి కండబలము మొదట పెరిగి, చివరి వారములలో తగ్గెను. ఇందువలన కలయిక తప్పని కాదు. రెండింటిని ఎల్లకాలము పట్టపగ్గములు లేక తోలుట తప్పని మేము గ్రహించితిమి. జోడెడ్లు కలసి నడచినప్పుడే బండి సాగును. పరుగు తేలికగా నున్నచో కండకు కోలుకొను వ్యవధి చిక్కును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్కయు నిట్టిదే: పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషములు మితమైన శ్రమగాని, 75 నుండి 150 నిమిషములు గట్టి శ్రమగాని చేయవలెను, అదిగాక కనీసము 2 దినములు కండలను బలపఱచు వ్యాయామము ఉండవలెను. 65 ఏండ్లు దాటినవారు పడిపోకుండుటకై, నిలకడను, బలమును పెంచు అభ్యాసమును వారమునకు 3 దినములు చేయవలెను.

దీనికి ఖర్చేమియు లేదు. వారమునకు నాలుగైదు దినములు, మాట తడబడని వేగమున అరగంట పరుగు. అది చేతకానిచో వడిగా నడక. రెండు దినములు తాతలనాటి బస్కీలు, దండీలు. దండీ రానివారు గోడకు చేతులానించి మొదలుపెట్టవచ్చును; బస్కీ రానివారు కుర్చీలో కూర్చుండి చేయి ఊతలేక లేచుట చాలును. స్త్రీలకును ఇది వర్తించును. గుండెజబ్బు, చక్కెరవ్యాధి, మోకాలినొప్పి గలవారు వైద్యు నడిగి ఆరంభించుట మేలు.

పదవీవిరమణ చేసిన పెద్దలు ఉగాది పూజవేళ పీటపై కూర్చుండి, లేచుటకు ఇద్దరి చేయి అడుగుట మనము ఏటేట చూచుచున్నాము. వారిని తక్కువ చేయుటకు మేమీ మాట అనలేదు. రేపు మన వంతు గనుక అంటిమి. ఈ నూతన సంవత్సరమున మన సంఘభవనపు ఆవరణలో ఉదయమున ఒక గంట, పరుగునకును బస్కీలకును కలిపి కేటాయించుదమని పెద్దలకు మనవి చేయుచున్నాము. పిల్లలను, అమ్మలను, తాతలను వెంటబెట్టుకొని రండి. అందఱకును ఉగాది శుభాకాంక్షలు.