కోలారు సీమలో నెలవంక, టిప్పు పంచాంగం

ఇస్లామీయ మాసంలో 29వ నాటి సాయంత్రం, సూర్యుడు కుంకిన చోటికి కాస్త పైన గోటిచీలికంత నెలవంక కనబడితే కొత్త నెల మొదలవుతుంది, లేకుంటే 30 రోజులు నిండవలసిందే. ఇలా సాగే హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ కనుక పంటకాలాలతో, శిస్తు గడువులతో పొసగదు. కోలారు జిల్లా బూదికోటలో పుట్టిన హైదర్ అలీ కుమారుడు, మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ 1780లలో, అధికమాసం చేర్చి రుతువులతో సరిపెట్టే స్థానిక చాంద్రసౌర గణనను పాలనకు స్వీకరించి, నెలలకూ ఏళ్లకూ కొత్త పేర్లు పెట్టి, మౌలూదీ అనే కొత్త శకాన్ని ప్రవేశపెట్టాడు. ఇది నిజంగా సాహసోపేతమైన సంస్కరణ. అయితే రంజాన్ ఉపవాసాలకు నెలవంకే ప్రమాణం. టిప్పు తాత ఫతే ముహమ్మద్ సమాధి ఉన్న కోలారులోనూ, 2001లో బంగారు గనులు మూతపడిన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, అంటే కేజీఎఫ్‌లోనూ నేటికీ అదే నియమం. మబ్బు కమ్మిననాడు ఇతర ఊళ్లలో చూసినవారి సాక్ష్యాన్ని విచారించి నిర్ణయించే బాధ్యత హిలాల్ కమిటీది, అంటే నెలవంక నిర్ధారణ సంఘానిది.